ప్లస్సా, మైనస్సా, తేలదా: ఐసెట్ డేటా సఫిషియెన్సీతో నా అనుభవం

మొదటిసారి ఐసెట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) రాసి వచ్చాక రెస్పాన్స్ షీట్, ప్రిలిమినరీ కీ పక్కపక్కన పెట్టుకుని లెక్క చూసుకున్నాను. డేటా సఫిషియెన్సీలో, అంటే ఇచ్చిన సమాచారం సరిపోతుందా అని అడిగే భాగంలో, 20 ప్రశ్నలకు నాకు వచ్చినవి 6. ప్రశ్న చదవకుండా నాలుగు ఆప్షన్లలో ఏదో ఒకటి నొక్కుకుంటూ పోయినా సుమారు 5 వస్తాయి. అది తట్టగానే ఏడుపొచ్చింది. నేను చదవకుండా నొక్కలేదు మరి. ఒక్కోదాని దగ్గర నిమిషం, నిమిషంన్నర కూర్చుని లెక్క చేసి మరీ పెట్టాను. అంత చేసి ఒక్క మార్కు తేడా.

మాది ప్రకాశం జిల్లా, కొండపి దగ్గర పల్లె. నాన్న పొగాకు వేస్తారు. నేను ఇంటర్లో సీఈసీ, ఒంగోలులో బీకాం. అంటే పదో తరగతి తర్వాత లెక్కల పుస్తకం ముట్టింది లేదు. ఎంబీఏ చేయాలంటే ఐసెట్ రాయాలి. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. భాగిస్తే ప్రశ్నకు 45 సెకన్లు. తప్పుకు మార్కు కోత లేదు. అందులో ఎనలిటికల్ ఎబిలిటీలో ఈ డేటా సఫిషియెన్సీ 20 ప్రశ్నలు ఉంటాయి. తప్పు పోయిన 14 ఏవేవో చూస్తే ఎక్కువ భాగం ఒకే రకం: ఫలానా సంఖ్య ధనమా, రుణమా, ఫలానా లబ్ధం సున్నా కన్నా ఎక్కువా. వయసులు, వాటాలు, దూరాలు ఫరవాలేదు. గుర్తుల దగ్గరే దెబ్బతిన్నాను. రెండోసారి రాయడానికి కూర్చున్నప్పుడు ముందు వీటి సంగతి తేల్చుకోవాలనుకున్నాను.

తెలియనివాళ్ల కోసం ఈ రకం ప్రశ్న ఎలా ఉంటుందో చెబుతాను. ఒక ప్రశ్న, దాని కింద రెండు స్టేట్‌మెంట్లు. మనల్ని జవాబు కనుక్కోమనరు. జవాబు చెప్పడానికి ఇచ్చిన సమాచారం సరిపోతుందా అని అడుగుతారు. మొదటిది ఒక్కటే సరిపోతే 1, రెండోది ఒక్కటే సరిపోతే 2, విడిగా ఏదీ చాలక రెండూ కలిస్తే సరిపోయేటట్టయితే 3, రెండూ కలిపినా చాలకపోతే 4. చదివితే ఇంతే. నాకు మాత్రం దీన్ని ఒంటికి పట్టించుకోవడానికి మూడు నెలలు పట్టింది.

ఇంకో మాట. నా నోట్సులో ఎక్స్ అని రాస్తే అది గుణకారం గుర్తుతో కలిసిపోయేది. కంగారులో నా రాత నాకే అర్థమయ్యేది కాదు. అందుకని క, చ, ట అని రాసుకోవడం మొదలుపెట్టాను. ఇక్కడా అలాగే రాస్తాను.

మొదట బయటపడిన తప్పు ఇది. ప్రశ్న: క ఒక పూర్ణ సంఖ్య. క ధన సంఖ్యా? మొదటి స్టేట్‌మెంట్: క² = 36. రెండోది: క³ < 0. నేను చేసింది చెబుతాను. మొదటిదాంతో క 6 అయినా కావచ్చు, −6 అయినా కావచ్చు, తేలలేదు. రెండోదాంతో క రుణం, అంటే ధనం కాదు. ధనం కాదని వచ్చింది కాబట్టి “సరిపోదు” అని రాసుకున్నాను. రెండూ కలిపితే −6, అదీ ధనం కాదు. కాబట్టి 4 పెట్టాను.

ఒంగోలు నుంచి బస్సులో వస్తుంటే నా స్నేహితురాలు, బ్యాంకు పరీక్షలకు చదువుతుండేది, నోట్సు తీసుకుని చూసింది. టంగుటూరు టోల్‌గేటు దాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “వాళ్లు అడిగింది ధనమా కాదా అనే కదే? కాదని తేలిపోయిందిగా. ఇంకేం కావాలి?” అంది.

అంతే. జవాబు 2. క³ రుణమైతే క రుణమే, కాబట్టి “కాదు” అని ఖాయంగా చెప్పగలం. ఖాయంగా “కాదు” అని చెప్పగలిగితే సమాచారం సరిపోయినట్టే. నేను “అవును” వస్తేనే సరిపోయినట్టు అనుకుంటూ వచ్చాను. పాత పేపరు మళ్లీ తీసి చూస్తే ఈ ఒక్క పొరపాటు వల్లే నాలుగు ప్రశ్నలు పోయాయి. లెక్క తప్పి కాదు. నాలుగింటిలోనూ లెక్క కరెక్టే.

ఆ రోజు నుంచి రఫ్ నోట్సులో ప్రతి స్టేట్‌మెంట్ ఎదురుగా మూడు మాటల్లో ఒకటి రాయడం అలవాటు చేసుకున్నాను: “అవునే”, “కాదే”, “రెండూ”. మొదటి రెండింటిలో ఏది వచ్చినా సరిపోయినట్టు. “రెండూ” వస్తే సరిపోనట్టు. మార్కు పెట్టేముందు ఆ మాట రాసి ఉందో లేదో చూసుకునేదాన్ని.

రెండో తప్పు పట్టుకోవడానికి ఇంకొంచెం ఎక్కువ రోజులు పట్టింది, ఎందుకంటే అది కాగితం మీద కనపడదు, బుర్రలో జరుగుతుంది. ప్రశ్న: న పూర్ణ సంఖ్య. న ధనమా? మొదటిది: న > −3. రెండోది: న² > 9. మొదటిదాంతో న −2 కావచ్చు, 5 కావచ్చు. రెండూ. సరే. రెండోదానికి వచ్చేసరికి న 3 కన్నా ఎక్కువైనా ఉండాలి, −3 కన్నా తక్కువైనా ఉండాలి. ఇక్కడ నా బుర్ర “−3 కన్నా తక్కువ కుదరదు కదా, పైన చెప్పారుగా” అనేది. అది మొదటి స్టేట్‌మెంట్ మాట. రెండోదాన్ని విడిగా చూస్తున్నప్పుడు దాన్ని తలుచుకోకూడదు. కానీ చదివింది ఎక్కడికి పోతుంది? న ధనమే అనుకుని 2 పెట్టేశాను. సరైన జవాబు 3: విడివిడిగా ఏదీ చాలదు, రెండూ కలిస్తే న 3 కన్నా ఎక్కువ అని తేలుతుంది.

దీనికి నేను కనుక్కున్న మందు నా బస్ పాస్. రెండో స్టేట్‌మెంట్ చేసేటప్పుడు మొదటి లైను మీద పాస్ కార్డు అడ్డం పెట్టేదాన్ని. పరీక్షలో స్క్రీన్ మీద కార్డు పెట్టలేం కాబట్టి, చివరి నెలలో అది మానేసి రఫ్ కాగితం మధ్యలో నిలువు గీత గీసి, ఎడమ వైపు ఒకటి, కుడి వైపు ఒకటి చేయడం నేర్చుకున్నాను. కుడి వైపు మొదలుపెట్టినప్పుడు ప్రశ్నను మళ్లీ ఒకసారి పైన రాసేదాన్ని. నాలుగు సెకన్లు పోతాయి. పోనీ అనుకున్నాను.

ఇక సున్నా. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ నన్ను తప్పుదారి పట్టించింది నా బుర్ర కాదు.

శని, ఆదివారాలు ఒంగోలులో ఒక కోచింగ్‌కి వెళ్లేదాన్ని. అక్కడ ఒక గైడు కొనిపించారు. అందులో ఈ ప్రశ్న ఉంది: క, చ పూర్ణ సంఖ్యలు. క × చ > 0 అవుతుందా? మొదటి స్టేట్‌మెంట్: |క + చ| = |క| + |చ|. రెండోది: క > చ. కీలో జవాబు 1. వివరణలో “రెండు సంఖ్యలకూ ఒకే గుర్తు ఉంటేనే ఇది సాధ్యం, కాబట్టి లబ్ధం ధనం” అని ఒక్క వాక్యం.

ఆ నిలువు గీతలు పరమ మూల్యానికి గుర్తు. పరమ మూల్యం అంటే సంఖ్యారేఖ మీద సున్నా నుంచి దూరం. క 5, చ 3 అయితే రెండు వైపులా 8. క −5, చ −3 అయినా 8. ఒకటి ప్లస్, ఒకటి మైనస్ అయితే, 5, −3 తీసుకుంటే, ఎడమ వైపు 2, కుడి వైపు 8. కుదరదు. వివరణ బాగానే ఉంది కదా అనుకున్నాను. అయినా ఏదో నలుసు పడ్డట్టుంది. ఇంటికొచ్చి రాత్రి మళ్లీ వేసి చూశాను. క 5, చ 0. ఎడమ 5, కుడి 5. కుదిరింది! కానీ లబ్ధం సున్నా. సున్నా ధనం కాదు. అంటే “అవును” ఒకటి దొరికింది, “కాదు” ఒకటి దొరికింది. మొదటిది చాలదు. రెండోది కలిపినా 5, 3 కుదురుతాయి, 5, 0 కూడా కుదురుతాయి. జవాబు 4.

మరుసటి ఆదివారం సార్‌కి చూపించాను. ఆయన గైడు వైపు చూసి, “కీలో 1 అని ఇచ్చారుగా, అదే పెట్టుకోండి, ముందుకు పోదాం” అన్నారు. వంద మంది ఉన్న క్లాసు, ఆయనకూ టైము లేదు. కానీ నాకు ఆ రోజంతా మనసు బాగాలేదు. ఫీజు కట్టిన డబ్బు నాన్న పొగాకు అమ్మకం మీద వచ్చింది. నేను తెచ్చిన ప్రశ్నలో సున్నా ఒక్కటి వేసి చూడటానికి అర నిమిషం చాలు.

ఆ కోపంలో చేసిన ఒక మంచి పని ఏంటంటే, నోట్సులో ప్రతి పేజీ అంచున పై నుంచి కిందికి ఐదు అంకెలు రాసిపెట్టుకున్నాను: −2, −1, 0, 1, 2. గుర్తుల ప్రశ్న ఏదైనా వస్తే ఆ ఐదింటినీ ఒక్కసారైనా తాకకుండా జవాబు పెట్టకూడదని నియమం. “0 కన్నా ఎక్కువ” అన్న చోటా, “0 కన్నా తక్కువ కాదు” అన్న చోటా ఎరుపు పెన్నుతో గీత. మొదటిది ధనం. రెండోది ధనమైనా కావచ్చు, సున్నా అయినా కావచ్చు. తెలుగులో చదివినప్పుడు ఈ రెండూ ఒకేలా వినపడతాయి, అదే ప్రమాదం. ఐసెట్‌లో ఈ సెక్షన్ ఇంగ్లిషులోనూ తెలుగులోనూ ఇస్తారు. నేను తెలుగులో చదివి, గుర్తు మాత్రం పక్కనున్న ఇంగ్లిషు లైనులో మళ్లీ చూసుకునేదాన్ని.

మార్చి మొదటి వారం. మా ఇంట్లో ఆ నెలంతా నిద్ర ఉండదు. పొగాకు రెలుపులు (ఆకు కోతలు), ఆకు కర్రలకు కట్టడం, బ్యారన్‌లోకి (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టంలోకి) ఎక్కించడం, పొయ్యి రాజేయడం. ఒక్కో బ్యారన్ అయిదారు రోజులు నడుస్తుంది. మొదట తక్కువ వేడి మీద ఆకు పండుతుంది, తర్వాత వేడి పెంచుతూ ఆకు ఆరబెడతారు, చివర్లో ఈనె ఆరడానికి 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా తీసుకెళతారు. రాత్రంతా ఎవరో ఒకరు కట్టెలు వేస్తూ, అద్దంలోంచి థర్మామీటరు చూస్తూ ఉండాలి. వేడి పడిపోయినా చేటే, ఎక్కువైనా చేటే. రెండు గంటల దాకా నాన్న, ఆ తర్వాత నేను. ఎలాగూ మెలకువగా ఉండాలి కాబట్టి బ్యారన్ ముందు నులక మంచం వేసుకుని, చార్జింగ్ లైటు పెట్టుకుని లెక్కలు చేసేదాన్ని.

ఆ రాత్రి నా ఎదురుగా రెండు ప్రశ్నలు. ఎడమ పేజీలో మొన్న చేసింది: క, చ, ట పూర్ణ సంఖ్యలు. క × చ × ట ధనమా? మొదటిది: క × చ > 0. రెండోది: చ × ట > 0. దీన్ని నేను సరిగ్గానే చేశాను. మొదటిదాంతో క, చ ఒకే గుర్తు, ట సంగతి తెలియదు. రెండోదాంతో చ, ట ఒకే గుర్తు, క సంగతి తెలియదు. కలిపితే మూడూ ఒకే గుర్తు. మూడూ 1 అయితే లబ్ధం 1. మూడూ −1 అయితే లబ్ధం −1. “అవును” దొరికింది, “కాదు” దొరికింది. జవాబు 4. చాలామంది “మూడూ ఒకే గుర్తు” అనగానే ఆగిపోయి 3 పెడతారు. మూడు మైనస్‌లు గుణిస్తే మైనస్ అని గుర్తు రాదు.

కుడి పేజీలో కొత్త ప్రశ్న. స్టేట్‌మెంట్లు అక్షరం పొల్లు పోకుండా అవే. క × చ > 0. చ × ట > 0. ప్రశ్న మాత్రం ఇది: క³ × చ⁴ × ట⁵ ధనమా? నేను స్టేట్‌మెంట్లు చూసి 4 పెట్టేశాను. మొన్న చేసిందేగా. కీ తిప్పితే 3.

గైడు మళ్లీ తప్పే అనుకున్నాను. ఒకసారి కీ తప్పని తేలాక ఇక దాని మీద నమ్మకం పోతుంది కదా. కానీ ఈసారి ఐదంకెల నియమం ఉంది. మూడూ 1 వేశాను, లబ్ధం 1. మూడూ −1 వేశాను. −1 ఘనం −1. −1కి నాలుగో ఘాతం 1. అయిదో ఘాతం −1. గుణిస్తే 1. మళ్లీ ధనమే. 2లు వేశాను, −2లు వేశాను, ఒకటి −1, రెండు −2 వేశాను. ఎన్ని వేసినా ధనమే వస్తోంది. సున్నా వేయడానికి వీల్లేదు, వేస్తే స్టేట్‌మెంట్లే తప్పుతాయి. అంటే ఈసారి గైడు కరెక్టు, నేను తప్పు. ఎందుకు తప్పానో మాత్రం తెలియడం లేదు. లైటు చుట్టూ పురుగులు, పొయ్యిలో తుమ్మ మొద్దు చిటచిట, టైము మూడున్నర.

అప్పుడే నాన్న లేచి వచ్చారు. ఆ బ్యారన్ ఆఖరి రోజు. అద్దంలోంచి ఆకు చూస్తే నిమ్మపండు రంగులో గలగలమంటూ ఉంది. నేను, “ఆరిపోయినట్టుంది నాన్నా, మంట తీసేద్దామా?” అన్నాను.

“ఆకు ఎప్పుడో ఆరిద్దమ్మా. మనం చూడాల్సింది ఈనె,” అన్నారు.

తలుపు తీశారు. వేడి ముఖానికి కొట్టింది. దగ్గరున్న కర్ర వదిలేసి, వంగి ఎడమ వైపు మూలకు చెయ్యి చాపి, అక్కడి కర్ర నుంచి ఒక ఆకు లాగి తలుపు మూశారు. మా బ్యారన్‌లో ఆ మూలకు వేడి ఆలస్యంగా అందుతుంది. లైటు వెలుగులో ఆకును వెనక్కి తిప్పి, లావుపాటి ఈనె మొదలు పట్టుకుని వంచారు. ఆకంతా పొడిపొడిగా రాలింది. ఈనె మాత్రం వంగింది గానీ విరగలేదు. వంగిన చోట తడి మెరుపు కనపడింది.

“చూశావా? ఇట్టాగే దించితే మండెలో, అదే కుప్పలో, బూజు పడిద్ది. ఇంకో నాలుగు గంటలు పట్టిద్ది.”

“మరి ఈ పక్కది విరిచి చూడలేదేం?”

“ఆరిన చోట విరిస్తే ఏం తెలిసిద్దమ్మా? ఎక్కడ ఆరదో అక్కడ చూడాల.”

ఆయన టీ తాగడానికి లోపలికి వెళ్లారు. నేను మళ్లీ రెండు పేజీలు చూస్తూ కూర్చున్నాను. రెండు పేజీల్లోనూ బ్యారన్ ఒకటే, ఆకు ఒకటే. ఎడమ పేజీ అడుగుతున్నది వేరు, కుడి పేజీ అడుగుతున్నది వేరు. నేను ఆకు ఆరిందో లేదో చూసి ఈనె గురించి చెప్పేస్తున్నాను. కుడి పేజీలో అసలు ఏమడిగారు? చ⁴ ఎప్పుడూ రుణం కాదు, చ సున్నా కాకపోతే ధనమే. దాన్ని కొట్టేశాను. క³కి క గుర్తే ఉంటుంది. ట⁵కి ట గుర్తే. అంటే అంత పెద్ద ప్రశ్న ఒలిచి చూస్తే లోపలున్నది ఇంతే: క, ట ఒకే గుర్తా? మొదటి స్టేట్‌మెంట్ క, చలను కలుపుతుంది. రెండోది చ, టలను కలుపుతుంది. మధ్యలో చ ద్వారా క, ట కలిసిపోయాయి. ప్లస్సో మైనస్సో మనకు తెలియనక్కర్లేదు. ఒకటేనని తెలిస్తే చాలు. ఎడమ పేజీలో మూడు అక్షరాలు, మూడు బేసి. అక్కడ ఒకటేనని తెలిస్తే చాలదు, ఏదో కూడా తెలియాలి.

తెల్లారేదాకా పాత ప్రశ్నలన్నీ తీసి, స్టేట్‌మెంట్లు చదవకుండా, ప్రశ్న ఒక్కటే ఒలుచుకుంటూ కూర్చున్నాను. సరి ఘాతం కనపడితే కొట్టేయడం, పక్కన “సున్నా?” అని రాయడం. బేసి ఘాతమైతే ఘాతం తీసేసి అక్షరం ఉంచడం. మిగిలినదాన్ని మామూలు మాటల్లో రాయడం: “మైనస్‌లు సరి సంఖ్యలో ఉన్నాయా?”, “రెండింటికీ ఒకే గుర్తా?”, “ఇది సున్నా కాదు కదా?”. సుమారు నలభై ప్రశ్నలు చేశాను. చాలావాటికి స్టేట్‌మెంట్లు చదవకముందే ఏం కావాలో తెలిసిపోయింది. ఏడున్నరకు నాన్న మళ్లీ ఆ మూల నుంచే ఆకు తీసి విరిచారు. ఈసారి టప్‌మని విరిగింది.

ఆ తర్వాత అంకెలు వేసే పద్ధతి కూడా మారింది. ముందు నాకు అలవాటైన 2, 3, 5 వేసి, కుదిరిందని సంతోషపడేదాన్ని. ఇప్పుడు ఒక “అవును” దొరికితే, దాన్ని చెడగొట్టే అంకె ఎక్కడుంటుందా అని వెతకడం మొదలుపెట్టాను. సాధారణంగా అది మైనస్‌లలో ఉంటుంది, లేదా సున్నా దగ్గర. వెతికి వెతికి దొరక్కపోతే అప్పుడు ఎందుకు దొరకడం లేదో కారణం రాయాలి. కారణం రాయకుండా “దొరకలేదు కాబట్టి సరిపోతుంది” అని పెట్టినవి చాలాసార్లు పోయాయి.

ధనం, రుణం అనే ఈ మాటల గురించి ఒక్కటి చెప్పాలనిపిస్తోంది. స్కూల్లో వాటిని పేర్లుగానే నేర్చుకున్నాం. తర్వాత తెలిసింది, బ్రహ్మగుప్తుడు క్రీస్తుశకం 628లోనే ధనం, రుణం, శూన్యం అన్న మాటలతో వీటి కూడికలు, గుణకారాల సూత్రాలు రాశాడని. ధనం అంటే ఆస్తి, రుణం అంటే అప్పు. రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం అనేది మా ఇంట్లో ఎవరికైనా అర్థమవుతుంది. ఎరువుల కొట్టులో 500 చొప్పున ఉన్న మూడు బాకీలు కొట్టేశారంటే మనకు 1500 వచ్చినట్టే. మైనస్ మూడుసార్లు, మైనస్ 500. పదో తరగతిలో ఎవరైనా ఇలా చెప్పుంటే బాగుండేది.

ఇంకో రెండు రకాలు త్వరగా చెబుతాను. ఒకటి, తెలియని సంఖ్యతో రెండు వైపులా కొట్టేయడం. క ధనమా? మొదటిది: క × చ > చ. రెండోది: చ > 0. నేను మొదటిదాంట్లో చను రెండు వైపులా కొట్టేసి క > 1 అని రాసి, 1 పెట్టాను. చ రుణమైతే కొట్టేసినప్పుడు గుర్తు తిరగబడుతుంది. క −5, చ −1 వేసి చూడండి: 5 > −1, నిజమే. కానీ క రుణం. చ ధనమని రెండోది చెప్పాకే కొట్టేయవచ్చు. జవాబు 3. సమీకరణంలోనూ ఇదే జాగ్రత్త, అక్కడ భయం సున్నా ఒక్కటే. అసమీకరణంలో సున్నా, మైనస్ రెండూ.

రెండోది, “పూర్ణ సంఖ్య” అన్న మాట. దీన్ని ప్రశ్న మొదట్లో అలంకారానికి పెట్టరు. న పూర్ణ సంఖ్య. న రుణమా? మొదటిది: న³ < న. రెండోది: న² > న. రెండోదానికి 2 కుదురుతుంది, −2 కుదురుతుంది, చాలదు. మొదటిదానికి అంచున ఉన్న ఐదింటినీ వేస్తే −2 ఒక్కటే కుదురుతుంది. −1, 0, 1 మూడింటికీ రెండు వైపులా సమానం, 2కి ఘనం పెద్దది. ఇంకా కిందికి −3, −4 అన్నీ కుదురుతాయి. కాబట్టి న రుణమే, మొదటిది ఒక్కటే చాలు. అదే పూర్ణ సంఖ్య అని ఇవ్వకపోతే సగం కూడా కుదురుతుంది, ఎందుకంటే సగం ఘనం ఎనిమిదో వంతు, అది సగం కన్నా తక్కువ. సగం ధనం. అప్పుడు మొదటిది చాలదు. ఆ ఒక్క మాట జవాబును మార్చేసింది. అప్పటి నుంచి ఆ మాట కింద కూడా గీత గీయడం మొదలుపెట్టాను.

పరీక్ష మేలో, ఒంగోలులోనే. ఎండ అప్పటికే మాడ్చేస్తోంది. నాన్న వేలం కేంద్రంలో పని ఉన్నా మానుకుని నాతో వచ్చారు, బయట వేప చెట్టు కింద కూర్చున్నారు. లోపల టెన్షన్‌తో మొదటి పది నిమిషాలు ఏం చదివానో గుర్తులేదు. డేటా సఫిషియెన్సీ దగ్గరకు వచ్చాక రఫ్ కాగితం మధ్యలో గీత గీశాను. అంచున −2, −1, 0, 1, 2 రాశాను. ఆ రాత పూర్తయ్యేసరికి చెయ్యి వణకడం ఆగింది. 20 ప్రశ్నలకు పాతిక నిమిషాల దాకా పట్టింది. సగటు కన్నా ఎక్కువే. కానీ కమ్యూనికేషన్ ఎబిలిటీలో తగ్గించుకోవచ్చని ముందే అనుకున్నాను.

బయటికొచ్చాక నాన్న, “ఎట్టా రాశావమ్మా?” అన్నారు. “ఈసారి విరిచి చూశాను నాన్నా,” అన్నాను. ఆయనకు ఏం అర్థమైందో గానీ నవ్వి, చెరుకు రసం తాగుదామన్నారు.

కీ వచ్చాక లెక్క చూసుకుంటే 20కి 16. పోయిన నాలుగింటిలో మూడు వేరే రకాలు. ఒక్కటి మాత్రం గుర్తులదే, ఇలాంటిది: క పూర్ణ సంఖ్య. క ధనమా? మొదటిది: క² + క > 0. రెండోది: క > −2. మొదటిదానికి 1 నుంచి పైనున్నవన్నీ కుదురుతాయి, −2 నుంచి కిందున్నవన్నీ కుదురుతాయి. రెండోదానికి −1, 0, 1, అలా పైకి. రెండూ కలిపేటప్పుడు నేను రెండోదాన్ని “−2, ఆ పైన” అని చదివాను. −2 లోపలికి వచ్చేసింది, “కాదు” ఒకటి దొరికిందనుకుని 4 పెట్టాను. −2 కన్నా ఎక్కువ అంటే −2 అందులో లేదు. −1, 0 మొదటిదానికి కుదరవు. మిగిలింది 1, ఆ పైనవి. జవాబు 3.

ఇప్పుడు మా తమ్ముడు ఐసెట్‌కి అదే నోట్సుతో చదువుతున్నాడు. ఆ పేజీ అంచున ఐదంకెలు ఉన్నాయి కదా, వాటిలో −2 చుట్టూ ఎరుపు పెన్నుతో సున్నా చుట్టి, పక్కన గుర్తును రెండు రకాలుగా పెద్దగా రాసిపెట్టాను: ఒకటి కింద గీత లేకుండా, ఒకటి కింద గీతతో.